జేమ్స్ అన్నా యాకోబే

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా అమ్మ తన తెలుగు బైబిల్ తెరిచి, "యాకోబు పత్రిక తియ్యమ్మా, కలిసి చదువుదాం" అంది మనవరాలితో. మా అమ్మాయి తన ఇంగ్లీషు బైబిల్లో జాకబ్ కోసం ఎంతసేపు వెతికిందో! "అలాంటి పుస్తకమే లేదు నానమ్మా" అంది. ఉంది. కొత్త నిబంధనలో యాకోబు అనే ఆయన రాసిన ఉత్తరం అది. అక్కడ దాని పేరు జేమ్స్.

వినడానికి పొంతనే లేదు కానీ, జాకబ్, జేమ్స్ పుట్టుకలో ఒకటే పేరు.

మొదటి యాకోబు కథ ఆదికాండము 25వ అధ్యాయంలో ఉంది. రిబ్కాకు కవలలు పుట్టారు. ముందు ఏశావు, వెనకే అన్న మడమ పట్టుకుని తమ్ముడు. హీబ్రూలో మడమను 'ఆకేవ్' అంటారు, అందుకే ఆ బిడ్డ 'యఅకోవ్' అయ్యాడు. ఇదే ధాతువుకు మోసగించడం అనే అర్థం కూడా ఉంది. తండ్రి దీవెన తమ్ముడికి పోయాక ఏశావు, "వాడికి ఆ పేరు సరిగ్గానే పెట్టారు, నన్ను రెండుసార్లు మోసం చేశాడు" అని ఏడుస్తాడు. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ మనసు భారమవుతుంది. కొందరు పండితులేమో ఇది 'దేవుడు కాపాడుగాక' అనే పాత పేరుకు కురచ రూపం అంటారు. కన్నతల్లి నోట రావాల్సిన మాటలా ఉంటుంది కాబట్టి నాకు ఈ అర్థమే ఇష్టం.

మరి జేమ్స్ ఎలా వచ్చింది? గ్రీకు బైబిల్ పితరుడైన యాకోబును 'యాకోబ్' అనే ఉంచేసింది. అదే పేరు పెట్టుకున్న తర్వాతి తరాలవారికి మాత్రం గ్రీకు తోక తగిలించి 'యాకోబోస్' అంది. లాటిన్‌లో అది 'యాకోబుస్'. జనం నోట్లో నలిగి 'బ' కాస్తా 'మ' అయి 'యాకోముస్' అయింది. రెండూ పెదవులు కలిపి పలికే అక్షరాలే కదా! అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరి జేమ్స్ అయింది. ఇటలీలో జాకొమో, స్పెయిన్‌లో శాంటియాగో, మన పక్క కేరళలో చాకో, అన్నీ యాకోబులే.

బైబిల్‌ను ఇంగ్లీషులోకి అనువదింపజేసిన ఇంగ్లండు రాజు కింగ్ జేమ్స్ తన పేరునే ఆ పత్రికకు పెట్టించుకున్నాడని కొందరు చెప్తుంటారు. అది నిజం కాదు. ఆయన బైబిల్ వచ్చింది 1611లో. అంతకు 200 ఏళ్లకు పైగా ముందే విక్లిఫ్ పేరుతో పిలిచే ఇంగ్లీషు అనువాదంలో జేమ్స్ అనే ఉంది.

తెలుగు బైబిల్ ఆ పాత యాకోబునూ, పత్రిక రాసినాయననూ ఇద్దరినీ యాకోబు అనే పిలవడం ఎంత మేలు చేసిందో చూడండి. పత్రిక మొదటి వచనంలో యాకోబు చెదిరిపోయిన 12 గోత్రాలవారికి శుభం చెప్తాడు. ఆ 12 గోత్రాలు ఎవరివి? పాత యాకోబు కొడుకులవి! అంటే యాకోబు సంతానానికి ఇంకో యాకోబు ఉత్తరం రాస్తున్నాడు. ఇంగ్లీషులో చదివేవారికి ఈ బంధం కనిపించదు. మా అమ్మకు మాత్రం మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది.