తీర్పు రాని కేసు

నమస్కారం. ఈ రోజు హోసే లారెల్ గురించి మాట్లాడుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో అప్పటిదాకా అమెరికా చేతిలో ఉన్న ఫిలిప్పీన్స్‌ను జపాన్ ఆక్రమించుకున్నప్పుడు అక్కడ ప్రెసిడెంటుగా ఉన్నాయన. జపాన్ చేతిలో కీలుబొమ్మ అని, దేశద్రోహి అని ఆయన్ని చాలామంది తిట్టారు. నాకైతే ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

1891లో బటాంగాస్‌లోని తనవాన్‌లో పుట్టారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకమ్మాయిని ఉన్నట్టుండి ముద్దు పెట్టుకుని, ఆమె విషయంలో పోటీకి వచ్చిన ఇంకొకతనితో గొడవ తెచ్చుకున్నారు. అతను చేతికర్రతో కొట్టాడు, ఈయన జేబులోని చాకు తీసి పొడిచేశారు. అతను బతికాడు కానీ కేసయింది, కింది కోర్టు శిక్ష వేసింది, చివరికి 1912లో సుప్రీంకోర్టు అది ఆత్మరక్షణేనని వదిలేసింది. 1936లో అదే సుప్రీంకోర్టులో ఆయన జడ్జి అయ్యారు! మనీలాలో రద్దీ వీధుల్లోకి కొన్ని వేళల్లో జట్కాలు రాకూడదని పెట్టిన రూలు మీద కేసు వస్తే, 1940లో రూలు సరైనదేనని తీర్పిస్తూ అందులోనే సామాజిక న్యాయం అంటే ఏమిటో రాశారు. ఆ మాటలు అక్కడ లా చదివేవాళ్లు ఇప్పటికీ చదువుతారు.

1941 డిసెంబరులో జపాన్ సైన్యం మనీలా మీదికి వస్తుంటే ప్రెసిడెంట్ కేజోన్ కొరెహిడోర్ దీవికి వెళ్లిపోతూ, జపాన్ వాళ్లతో వ్యవహారం చూడమని కొందరిని ఊళ్లోనే ఉంచారు. వాళ్లలో లారెల్ ఒకరు. సహకరించనన్న చీఫ్ జస్టిస్ అబాద్ సాంతోస్‌ను 1942లో జపాన్ వాళ్లు కాల్చి చంపారు, ఆ త్యాగం ముందు లారెల్ చేసింది చిన్నగానే కనిపిస్తుంది, ఒప్పుకుంటాను.

1943 జూన్‌లో వాక్ వాక్ గోల్ఫ్ మైదానంలో ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో నాలుగు తూటాలు దిగినా బతికి బయటపడి, అక్టోబరు 14న ప్రెసిడెంటుగా ప్రమాణం చేశారు. సరిగ్గా వారానికి సింగపూర్‌లో మన నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు, నవంబరులో జపాన్ తన వైపున్న ఆసియా దేశాల నాయకులతో టోక్యోలో పెట్టిన సభకు ఇద్దరూ వెళ్లారు. నేతాజీ జపాన్ సాయం తీసుకోవడాన్ని మనం అర్థం చేసుకుంటాం కదా, అందుకే లారెల్ విషయంలోనూ కాస్త ఆగి ఆలోచిస్తాను.

అప్పటికి మనీలాలో బియ్యానికి కటకట, జపాన్ వాళ్లు అక్కడ అచ్చువేసి వదిలిన నోట్లకు విలువే లేదు, జనం వాటిని మిక్కీ మౌస్ డబ్బులు అనేవాళ్లు. 1944 సెప్టెంబరులో అమెరికా విమానాలు బాంబులు వేశాక, జపాన్ ఒత్తిడికి తలొగ్గి లారెల్ అమెరికా, బ్రిటన్‌లతో యుద్ధ స్థితి ప్రకటించారు. కానీ ఒక్క ఫిలిప్పీన్ కుర్రాణ్ణి కూడా బలవంతంగా సైన్యంలోకి పంపలేదు. అదొక్కటి ఆయన చివరిదాకా ఇవ్వలేదు. చుట్టూ జపాన్ తుపాకులు పెట్టుకుని ఆ మాట మీద నిలబడటం మామూలు విషయం కాదు, ఎన్ని ఇళ్లలో తల్లులు పిల్లల్ని దక్కించుకున్నారో ఆలోచించండి.

1945లో ఆయన్ని జపాన్ తరలించారు. యుద్ధం ముగిశాక అమెరికా వాళ్లు టోక్యోలోని సుగామో జైల్లో పెట్టారు, 1946లో మనీలాకు తెచ్చాక అక్కడి ప్రభుత్వం 132 దేశద్రోహ అభియోగాలు మోపింది. విచారణ పూర్తి కాకముందే 1948 జనవరిలో క్షమాభిక్ష వచ్చింది. చాకు కేసులో తీర్పు వచ్చింది కానీ ఈ కేసులో ఏ జడ్జీ ఏమీ తేల్చలేదు. 1951 సెనేట్ ఎన్నికల్లో మాత్రం అందరికంటే ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి.