దమ్ముకు ఎడ్లు దొరకని ఏడాది

(విశ్వవిద్యాలయ జాగ్రఫీ పరిశోధక విద్యార్థుల సంఘం కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకున్న సభలో ఒక రిటైర్డ్ లెక్చరర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నా పరిచయంలో ‘ప్రముఖ’ అనే మాట మూడుసార్లు వినపడింది. రిటైరైన జాగ్రఫీ లెక్చరర్‌ని మా వీధిలో కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు తప్ప ఎవరూ గుర్తుపట్టరు నాయనా. ఆ మాట వెనక్కి తీసుకోండి, ఇద్దరికీ తేలికగా ఉంటుంది.

ఇందాక టీ తాగుతూ కొత్త కార్యవర్గాన్ని పలకరించాను. అధ్యక్షురాలు కృష్ణా డెల్టా చివరి ఊళ్లలో బోర్లలోకి ఉప్పునీళ్లు ఎలా వస్తున్నాయో చూస్తోంది. కార్యదర్శిది హైవే పక్క ఊళ్లలో బడిపిల్లల నడక. కోశాధికారి హైదరాబాద్ చెరువుల శిఖం భూములు, అంటే చెరువు నిండితే నీళ్ల కింద ఉండే నేల, పాత పటాల్లో ఎక్కడిదాకా ఉన్నాయి, ఇప్పుడు ఎక్కడ ఆగిపోయాయి అని వెతుకుతున్నాడు. మూడూ మంచి పనులే. ‘మరి ఒకరి పని ఒకరికి తెలుసా?’ అని అడిగాను. ‘టైటిల్స్ తెలుసు సార్’ అన్నాడు కార్యదర్శి. నిజాయితీగా చెప్పాడు, మెచ్చుకున్నాను. రాసుకొచ్చిన ఉపన్యాసం మాత్రం అప్పుడే జేబులో పెట్టేశాను.

1988లో నేను కూడా ఇలాంటి సంఘానికి సంయుక్త కార్యదర్శిని. ఎక్కడో చెప్పను. ఆ ఏడు మేం చేసింది ఒక ఫ్రెషర్స్ పార్టీ, ఒక ఫేర్‌వెల్, ఒక సావనీర్. సావనీర్‌లో మొదటి పద్నాలుగు పేజీలు పెద్దల శుభాకాంక్షలు, ఫొటోలతో సహా. పరిశోధన మీద ఒక్క పేజీ కూడా లేదు. ఉన్న డబ్బంతా ఆ ఫొటోలకు అచ్చు బ్లాకులు చేయించడానికే సరిపోయింది. నా థీసిస్ పంటల సమ్మేళనం మీద, అంటే ఒక ప్రాంతంలో ఏయే పంటలు కలిసి ముఖ్యమో తేల్చడం. అందుకు వాడే వీవర్ లెక్కల పద్ధతిలో మండలాల వారీగా వరి ఎంత శాతం, మినుము ఎంత శాతం, చెరుకు ఎంత శాతం అని లెక్కగట్టి పటాలకు రంగులేశాను. రంగులు బాగా కుదిరాయి. వైవాలో కూడా రంగుల గురించే అడిగారు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. అమెరికాలో వూస్టర్ అనే ఊళ్లో క్లార్క్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి జాగ్రఫీ గ్రాడ్యుయేట్ స్కూలు 1921 నుంచీ నడుస్తోంది. 1969లో, అంటే వియత్నాం యుద్ధం మంచి ఊపు మీదుండి, నల్లజాతి వాళ్ల హక్కుల పోరాటం వీధుల్లో సాగుతున్న రోజుల్లో, అక్కడి పీజీ విద్యార్థులకీ కుర్ర అధ్యాపకులకీ ఒక చిరాకు పట్టుకుంది. బయట ఇంత జరుగుతోంటే మన సబ్జెక్టు పత్రికల్లో దుకాణాలు ఎంతెంత దూరంలో ఉన్నాయన్న లెక్కలేనా అని. సొంతంగా ఒక పత్రిక పెట్టుకున్నారు. మొదటి సంచిక ఆ ఏడు ఆగస్టులో వచ్చింది. పేరు ‘యాంటిపోడ్’. మన పాదాల కింద భూగోళానికి సూటిగా అవతలివైపు నిలబడ్డవాడి పాదాలు అని ఆ మాటకు అర్థం. మొదటి సంపాదకుడు బెన్ విస్నర్ అప్పటికి విద్యార్థే. తర్వాత రిచర్డ్ పీట్ అనే అధ్యాపకుడు ఏళ్ల తరబడి ఆ పత్రికను మోశాడు.

అందులో గొప్ప గొప్ప సిద్ధాంతాలు వచ్చాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. వచ్చాయి, చదవండి. నాకు నచ్చేది దాని పుట్టుక. టైపు కొట్టి, చవగ్గా అచ్చేసి, పంచిపెట్టుకున్న కాగితాలవి. సైక్లోస్టైల్ మిషను తిప్పినవాళ్లకు ఆ రోజులు గుర్తుంటాయి. స్టెన్సిల్ మీద తప్పు పడితే గులాబీ రంగు కరెక్షన్ ద్రవం పూసి, ఊది, ఆరాక మళ్లీ టైపు కొట్టేవాళ్లం. సిరా గోళ్లలో వారం రోజులుండేది. ఆ వారం అన్నం కూడా సిరా వాసనే. ఇప్పుడు ఆ ‘యాంటిపోడ్’ ఒక పెద్ద ప్రచురణ సంస్థ వేసే పేరున్న జర్నల్, అందులో పేపరు పడితే మీకు ప్రమోషన్ వస్తుంది. దీనికి నవ్వాలో ఏడవాలో నాకు తెలీదు.

అవే రోజుల్లో డెట్రాయిట్‌లో ఇంకోటి జరిగింది. విలియం బంగీ అని ఒక జాగ్రఫర్. సియాటిల్‌లో చదువుకున్నాడు, కంప్యూటర్లతో గణిత జాగ్రఫీ మొదలెట్టిన ఆ విద్యార్థుల గుంపులో ఒకడు. సిద్ధాంతం మీద పేరున్న పుస్తకం కూడా రాశాడు. అలాంటివాడు డెట్రాయిట్‌లో తను ఉండే పేటనే పరిశోధించడం మొదలుపెట్టాడు. ఆయనకు తోడుగా, నిజం చెప్పాలంటే ఆయనకు దారి చూపిస్తూ, గ్వెండొలిన్ వారెన్ అనే నల్లజాతి అమ్మాయి నిలబడింది. హైస్కూలు దాటీ దాటని వయసు. వాళ్లు ఆ పనికి ‘డెట్రాయిట్ భౌగోళిక యాత్ర’ అని పేరు పెట్టారు. అమెజాన్ అడవికో ఆఫ్రికాకో కాదు, ఊళ్లోనే, పక్క వీధికే యాత్ర. పేటలో వాళ్లకు కాలేజీ స్థాయి పాఠాలు ఉచితంగా చెప్పారు.

వాళ్లు గీసిన పటం ఒకటుంది. శివారు పేటల నుంచి కార్లలో నగరం నడిబొడ్డుకు ఉద్యోగాలకు వచ్చిపోయే తెల్లవాళ్లు నల్లజాతి పిల్లల్ని ఎక్కడెక్కడ గుద్దారో చుక్కలతో చూపిన పటం. శీర్షిక కూడా మెత్తగా పెట్టలేదు, ‘గుద్దిన చోట్లు’ అనే అర్థంలో మొహం మీదే రాశారు. ఒక మూల దగ్గర ఆరు నెలల్లో ఆరుగురు పిల్లలు చనిపోయారని వారెన్ రాసింది. ఏ పిల్ల ఎక్కడ, ఏ వేళ చనిపోయిందన్న వివరం పోలీసులు సులువుగా ఇవ్వలేదు, రాజకీయ నాయకుల్ని పట్టుకుని తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆ పటానికి వాడిన టెక్నిక్ ఏమిటంటారా? చుక్క. మీరు బీఏ మొదటి సంవత్సరంలో పెట్టే చుక్కే.

కార్యదర్శిగారూ, ఇది మీ కోసమే. మీ బడిపిల్లల థీసిస్‌కి యాక్సిడెంట్ల వివరాలు దొరకడం లేదన్నారు. వారెన్‌కి లేనిది మీకు ఒకటుంది, సమాచార హక్కు చట్టం. 2005 నాటిది. మన దగ్గర మండల స్థాయి ఆఫీసులో దరఖాస్తు ఫీజు 5 రూపాయలు, ఆపైన 10, గ్రామ స్థాయిలో అసలు లేదు. మీరొక్కరే పెడితే ఒక స్టేషన్ వివరాలు వస్తాయి. సంఘంలో ఇరవైమంది తలా ఒక దరఖాస్తు పెడితే హైవే పొడవునా చుక్కలు పడతాయి. ఆ ఇరవై దరఖాస్తులకయ్యే ఖర్చు ఇవాళ నాకు కప్పిన శాలువా కన్నా తక్కువే. శాలువా బాగుంది, కాదనను.

మళ్లీ విస్నర్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆయన దారి చివరికి మా ఇంటి అరుగు దాకా వచ్చింది. ఆ కుర్ర సంపాదకుడు తూర్పు కెన్యా కరువు మీద థీసిస్ రాశాడు. 1976లో ఇంకో ఇద్దరితో కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. ‘ప్రకృతి వైపరీత్యం’ అంటున్నాం కదా, అందులోంచి ఆ ప్రకృతిని కాస్త పక్కన పెట్టి చూద్దాం అన్నది దాని సారాంశం. గాలీ వానా ప్రకృతివే. ఎవరు చస్తారు, ఎవరు తేరుకుంటారు అన్నది మాత్రం ప్రకృతి చేతిలో లేదు.

మరుసటి సంవత్సరమే, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన. 10 వేల మందికి పైగా పోయారు. పీటర్ వించెస్టర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఆ తర్వాత ఏళ్ల తరబడి మన డెల్టాలో తిరిగాడు. ఆయన చూసినదాని ఆధారంగా విస్నరూ మరో ముగ్గురూ 1994లో తెచ్చిన పుస్తకంలో రెండు కుటుంబాల్ని పక్కపక్కన నిలబెట్టారు. ఒకరిది గట్టి ఇల్లు. రేడియో ఉంది, లారీ ఉంది. హెచ్చరిక విని ఇంటిల్లిపాదీ లారీ ఎక్కి వెళ్లిపోయారు. తిరిగొచ్చి దాచుకున్న డబ్బుతో ఇల్లు బాగు చేసుకున్నారు, పశువుల్ని కొనుక్కున్నారు. రెండోవాళ్లది పక్కనే పూరిల్లు. చిన్నబిడ్డ నీళ్లలో పోయాడు. ఇల్లు పోయింది, ఉన్న రెండు పశువులూ పోయాయి. రూపాయల్లో లెక్కేస్తే వీళ్ల నష్టమే తక్కువ. కానీ గుడిసె వేసుకోవడానికి కూడా వడ్డీకి తెచ్చుకోవాలి. ఎడ్లు అద్దెకు తెచ్చుకుందామంటే అందరూ అడిగేవాళ్లే. దున్నడం ఆలస్యమైంది, కొన్ని నెలలకు ఆకలి వచ్చింది.

ఈ ఎడ్ల సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. మాది పామర్రు దగ్గర ఊరు. ఆ ఉప్పెనలో మా ఇంటికి గాలే వచ్చింది, పెంకులు లేచిపోయాయి, అంతే. నాకప్పుడు పదకొండేళ్లు. మరుసటి తొలకరికి కింద ఊళ్ల నుంచి ఇద్దరు మనుషులు నడుచుకుంటూ వచ్చి మా తాతయ్యను దమ్ముకు, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి పొలం దున్నడానికి, ఎడ్లు అడిగారు. రెండు పూటలు అరుగు మీదే కూర్చున్నారు. మా అమ్మ మజ్జిగ ఇమ్మంటే నేనే ఇచ్చాను. ఒకాయన గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, బొటనవేలికి గోరు లేదు. తాతయ్య చెడ్డవాడు కాదు. ‘మా దమ్ము అయ్యాక తీసుకుపోండి బాబూ’ అన్నాడు. మాది అయ్యేసరికి మూడు వారాలు పట్టింది.

పదకొండేళ్ల తర్వాత నేను థీసిస్‌లో ఆ మండలాలకే రంగులేశాను. ఆలస్యంగా వేసిన వరిదీ, వేళకు వేసిన వరిదీ ఒకటే ఆకుపచ్చ. ఆ మూడు వారాల సంగతి గైడుకు చెప్పలేదు. సంఘంలో చెప్పుకోవచ్చని తోచనే లేదు. సంఘం అంటే సావనీర్ కదా. అక్కడ ఎవరైనా ‘ఏమిటిరా నీ రంగుల గోల?’ అని అడిగి ఉంటే ఆ గ్లాసు సంగతి చెప్పేవాణ్ణేమో.

అమ్మా అధ్యక్షురాలూ, మీ బోర్లు కూడా ఆ పక్కనేగా. నవంబరులో ఒక ట్రిప్పు పెట్టండి. చెరువులవాణ్ణీ బడిపిల్లలవాణ్ణీ కూడా తీసుకెళ్లండి, వాళ్ల సబ్జెక్టు కాదన్నా సరే. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడమనండి. బస్సు ముందే మాట్లాడుకోండి, చివర్లో అయితే రేటు పెంచేస్తారు. నాకు ముందు సీటు ఉంచండి, మోకాళ్లు మడవలేను.