రోజుకి ఎన్ని కార్డులు? శ్రీకాకుళంలో పోటీ పరీక్షల పిల్లలతో మాట్లాడిన మాటలు

అందరికీ నమస్కారం. వెనక బెంచీలోళ్లకి వినిపిస్తోందా? సరే.

డీఎస్సీకి, గ్రూప్-2కి చదివేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, సగం మంది ఫోన్లలో ఆంకీ, అంటే ప్రశ్న-జవాబు కార్డుల్ని కొన్ని రోజులకోసారి మళ్లీ మళ్లీ అడిగే యాప్, ఉంది, అందులో సగం మంది దాన్ని తెరిచి నెలయ్యింది, అవునా కాదా? నవ్వకండి. యాప్ తప్పేం లేదు. మొదటి వారం హుషారులో రోజుకి యాభై కొత్త కార్డులు పెట్టేసుకున్నారు, మూడో వారానికి రివిజన్ నాలుగొందలు దాటిపోయింది, చూసి భయమేసి మూసేశారు, అంతే కథ.

ఏటంటే, కొత్త కార్డు ఈరోజుతో అయిపోదు. రేపొస్తాది, మూడ్రోజులకొస్తాది, వారానికి, పదిహేను రోజులకి, నెలన్నరకి మళ్లీ వస్తాది. రోజూ 20 కొత్తవి చదువుతూ పోతే రివిజన్లు రోజుకి 200 దగ్గరికి చేరతాయని ఆంకీ మాన్యువల్లోనే రాసుంది. అంటే పదింతలు. ఆకుమడి పోసినప్పుడే ఉభాలకి మనుషులు ఎంతమంది దొరుకుతారో మనోళ్లు లెక్క చూసుకుంటారు కదా, విత్తనాలున్నాయని మొత్తం పొయ్యరు. ఇదీ అంతే.

కాబట్టి లెక్క తిరగెయ్యండి. కార్డులెన్ని ఉన్నాయని కాదు, మీకు బాగా తీరిక లేని రోజున ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అది చూడండి. బాగా ఖాళీగా ఉన్న ఆదివారం లెక్కలోకి రాదు. ఒక అరగంట అనుకుందాం. రివిజన్ కార్డుకి సుమారు పది సెకన్లు, వంద కార్డులకి పదిహేడు నిమిషాలు. కొత్త కార్డు మొదటిరోజు రెండు మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి నిమిషం వేసుకోండి, పదికి పది నిమిషాలు. మొత్తం ఇరవయ్యేడు. అంటే అరగంట మనిషికి రోజుకి పది కొత్తవి, ఇంకొకటి కూడా వద్దు. యాప్ ఇచ్చే 20 మీ నంబర్ కాదు, అది వాళ్లు ఊరికే పెట్టి ఇచ్చింది.

పరీక్షకి ఇంకా తొంభై రోజులుంటే ఆఖరి ఇరవై రోజులు కొత్తవి ఆపెయ్యాలి, మిగిలిన డెబ్బైలో ఏడొందల కార్డులు. ఇంతేనా అంటారు. ఇంతే. అందుకే టెలిగ్రామ్‌లో దొరికిన ఐదువేల కార్డుల డెక్, అంటే కార్డుల కట్ట, దింపుకోవడం నాకస్సలు నచ్చదు, మీ పుస్తకంలో మీరు మర్చిపోయేవి మీరే ఏరుకుని రాసుకోవాలి. కార్డుకి ఒక్కటే ప్రశ్న. బొబ్బిలి యుద్ధం గురించి రాయండి అని కార్డు రాస్తే అది కార్డు కాదు, పది మార్కుల ప్రశ్న. ఏ సంవత్సరం? 1757. చాలు. ఇంకోటి, చందుర్తి యుద్ధం 1758, పద్మనాభం యుద్ధం 1794, ఇవన్నీ ఒకేరోజు కొత్తగా పెడితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, వారం వారం తేడాతో వదలండి.

జవాబు చూశాక నొక్కే బటన్ల దగ్గర చాలామంది మోసపోతున్నారు. గుర్తు రాలేదు, కానీ ఎగైన్ నొక్కడానికి మనసొప్పక హార్డ్ నొక్కుతారు. హార్డ్ అంటే కష్టమ్మీద గుర్తొచ్చింది అని. రానిదాన్ని వచ్చిందని చెప్తే యాప్ ఇంకా దూరం జరిపేస్తాది.

ఎఫ్ఎస్ఆర్ఎస్, అంటే ఏ కార్డు మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కగట్టే పద్ధతి, ఆన్ చేసుకున్నవాళ్లకి డిజైర్డ్ రిటెన్షన్ అని ఒకటుంటుంది, అంటే రివిజన్‌కి వచ్చినవాటిలో ఎంత శాతం గుర్తుండాలో ఆ అంకె, మామూలుగా 90 శాతం. ఎక్కువుంటే మంచిదే కదా అని 97కి పెంచకండి, పని విపరీతంగా పెరిగిపోతుంది.

ఇక సంక్రాంతికి ఊరెళ్లి ఐదురోజులు ముట్టుకోలేదు, వచ్చి చూస్తే నాలుగైదొందలు పేరుకుపోయాయి. ఒక్కరాత్రి కూర్చుని లాగెయ్యాలని చూడకండి. కొత్తవి సున్నా చేసి రోజుకి నూటయాభై చొప్పున తియ్యండి, కొత్తవి లేవు కాబట్టి రోజువారీవి కూడా తగ్గుతూ వస్తాయి, కుప్ప కరిగిపోతుంది. రోజువారీ రివిజన్ లిమిట్ తగ్గించి తక్కువున్నాయని సంబరపడేవాళ్లూ ఉన్నారు. అవి ఎక్కడికీ పోలేదు, కంటికి కనపడట్లేదంతే.

ఫోన్ లేనోళ్లు దిగులుపడక్కర్లేదు. లైట్నర్ అనే జర్మన్ ఆయన 1972లోనే అట్టపెట్టెలతో ఈ పని చెయ్యొచ్చని చూపించాడు. ఐదు గళ్లు, గుర్తొచ్చిన కార్డు తర్వాతి గడిలోకి, రానిది మళ్లీ మొదటి గడిలోకి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ఆండ్రాయిడ్ ఫోన్లో డెక్ పేరు మీద వేలు నొక్కి పట్టుకుంటే డెక్ ఆప్షన్స్ వస్తుంది, అందులో కొత్త కార్డుల దగ్గర 20 ఉందా? మీ నిమిషాల లెక్క వేసి ఎంతొస్తే అంత పెట్టండి, దొరకనోళ్లు చెయ్యెత్తండి, నేనొస్తాను.