లైన్ అంటే తాడా, గీతా?

(విశాఖపట్నం స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. పాల్గొన్నవారు: ఇంగ్లీషు లెక్చరర్, వాల్తేరు డివిజన్‌లో గార్డుగా రిటైరైన పెద్దాయన, మర్రిపాలెంలో టైలరింగ్ షాపు నడిపే ఆవిడ. దగ్గులు తీసేశాం, మిగతాది మాట్లాడింది మాట్లాడినట్టే.)

యాంకర్: నమస్కారమండీ. పొద్దున్న లేచి ఇక్కడికి వచ్చేలోపు ‘లైన్’ అనే మాట ఎన్నిసార్లు విన్నానో చెప్తాను. కరెంటు పోతే లైన్‌మ్యాన్‌కి ఫోన్ చేశాం, ఆయన ‘లైన్లో ఉండండి’ అన్నాడు, పై వాటాలో కుర్రాడు షార్ట్ ఫిల్మ్‌కి మంచి లైన్ దొరికిందన్నాడు, నిన్న ఆసుపత్రిలో మా అమ్మకి ‘లైన్ దొరకట్లేదు’ అంటూ నర్సు మూడు చోట్ల పొడిచింది. ఒక్క మాటకి ఇన్ని పనులేంటి మేష్టారూ?

లెక్చరర్: పని ఒకటేనమ్మా. లైన్ అంటే మొదట దారం. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె. ఆకుకూరకి కోసుకునే అవిసె చెట్టు కాదు, ఇప్పుడందరూ బరువు తగ్గాలని గింజలు పొడి చేసుకుని తింటున్నారే, ఆ మొక్క. దాని నారతో వడికిన దారం లీనియా. అందులోంచే లైన్. లినెన్ బట్టదీ ఆ వంశమే.

టైలర్: ఉండండి మేష్టారూ. రోజూ ‘లైనింగ్ వేసి కుట్టక్కా’ అంటారు మా షాపులో. జాకెట్టు లోపల వేసే గుడ్డలో లైనెక్కడుందని ఇరవయ్యేళ్ళుగా నా అనుమానం.

లెక్చరర్: ఒకప్పుడు వాళ్ళు బట్టల లోపల లినెన్ వేసేవాళ్ళు. ఆ పనికి లైనింగ్ అని పేరొచ్చింది. ఇప్పుడు మీరు వేసేది కాటన్ కదా?

టైలర్: కాటనే అడుగుతారు. రేటు చెప్పగానే పాలిస్టర్ చాలంటారు.

గార్డు: ఇదంతా బాగానే ఉంది గానీ బాబూ, మాకు లైనంటే ఇనుము. కేకే లైన్ తెలుసు కదా, కొత్తవలస నుంచి కిరండూల్. బైలదిల్లా ఇనప రాయిని జపాన్ పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు, 58 సొరంగాలు. అరకు వెళ్ళేటప్పుడు పిల్లలు కేకలేస్తారే, అవి ఆ సొరంగాలే. అక్కడ దారమేటి?

లెక్చరర్: అక్కా, మీ బ్యాగులో దారం ఉందా? కొంచెం చాక్ ముక్క కూడా.

(టైలర్ నల్ల దారం ఉండ, బట్ట మీద గీసే చాక్ ఇచ్చారు. లెక్చరర్ దారానికి చాక్ బాగా పట్టించి, ఒక కొన గార్డు గారి చేతికిచ్చి, బల్ల మీద బిగువుగా లాగి, మధ్యలో పైకెత్తి వదిలారు. టప్‌మంది. నల్ల బల్ల మీద తెల్ల గీత పడింది.)

లెక్చరర్: చూశారా, దారమే గీతయింది. గోడ కట్టే మేస్త్రి రెండు చివర్లా మేకు కొట్టి లాగేదీ ఈ దారమే. తిన్నగా ఉన్నదాన్నల్లా లైన్ అనడం ఇలాగే వచ్చింది, పట్టాలైనా, వరసలో నిలబడ్డ జనమైనా. మనకీ ఇదే జరిగింది, మనం గమనించం అంతే. సూత్రం అంటే దారం. మంగళసూత్రంలో ఉన్నదీ అదే, లెక్కల్లో బట్టీ పట్టించే సూత్రమూ అదే.

గార్డు: మా చిన్నప్పుడు తంతి తపాలా ఆఫీసు అనేవాళ్ళం. తంతి అంటే తీగే కదా. ఆ టెలిగ్రామూ 2013లో ఆగిపోయింది.

యాంకర్: మరి ‘లైన్ క్లియర్’? పెళ్ళి సంబంధాలక్కూడా వాడేస్తున్నారు.

గార్డు: అది మా రైల్వేదమ్మా. ముందొచ్చే స్టేషన్‌లోని మాస్టరు లైన్ క్లియర్ ఇస్తే గానీ బండి కదలకూడదు. పట్టాలు ఖాళీగా కనబడుతున్నాయి కదాని వెళ్ళిపోతానంటే కుదరదు, ఈ ముక్క ఇప్పుడు నీ బండిదే, ఇంకెవర్నీ రానివ్వనని అవతలివాడు పూచీ పడాలి. సింగిల్ లైన్ మీద దానికి గుర్తుగా ఇనప బంతి ఒకటుండేది, టోకెన్ అంటాం, తోలు సంచిలో పెట్టి బెత్తం రింగుకి కట్టి ఎత్తి పట్టుకుంటే, బండి ఆగకుండానే డ్రైవర్ ఆ రింగులో చెయ్యి దూర్చి లాక్కునేవాడు. గురి తప్పితే మోచెయ్యి వాచిపోయేది. సంబంధాల్లో ఆ పూచీ ఎవరిస్తున్నారో నాకు తెలీదు.

యాంకర్: (నవ్వుతూ) సింహాచలం చందనోత్సవం రోజు ‘క్యూలైన్’ అంటాం, అది తప్పేనా?

లెక్చరర్: తప్పెందుకు, జనం అన్నాక అదే మాట. ఇంగ్లండులో క్యూ అంటారు, అమెరికాలో లైన్ అంటారు. క్యూ అంటే ఫ్రెంచిలో తోక. మనం ఇద్దర్నీ నొప్పించకుండా తోకా దారమూ కలిపి కట్టేశాం. నిజరూప దర్శనానికి కొండ మీద ఎండలో నిలబడ్డవాణ్ణి అడగండి, రెండు మాటలూ సరిపోవంటాడు.

యాంకర్: మాకిక్కడ రోజూ టెన్షన్ పెట్టేది డెడ్‌లైన్.

లెక్చరర్: అది మాత్రం పాపిష్టి మాటమ్మా. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని యాండర్సన్‌విల్ ఖైదీల శిబిరంలో గోడకి ఇవతల తక్కువ ఎత్తులో ఒక కర్రల కంచె ఉండేది. ఖైదీ దాన్ని దాటితే కాపలావాడు అడక్కుండా కాల్చేయొచ్చు. దాని పేరే డెడ్ లైన్. తర్వాత పత్రికలవాళ్ళు దాన్ని గడువుకి వాడుకున్నారు.

టైలర్: సంక్రాంతి ముందు మా షాపుకి రండి, ఆ కంచె చూపిస్తాను.

యాంకర్: గాజువాక నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి బాబూ.

కాలర్: మేడం, మరేమో... అమ్మాయికి ‘లైన్ వేయడం’ అంటారు కదా, అది ఇంగ్లీషులో ఉందాండీ?

లెక్చరర్: అలా వేయడం లేదు బాబూ. హిందీవాళ్ళు లైన్ కొడతారు, మనం వేస్తాం.

టైలర్: జాలారిపేటలో గేలం వేస్తారు చూడండి, అలాగే. పడిందా పడింది, లేదా ఎర పోయింది.

కాలర్: అయితే మేడం, నాది ఆర్నెల్లుగా...

యాంకర్: హలో? హలో? అయ్యో, లైన్ కట్టయిందండీ.

గార్డు: సెల్‌ఫోన్‌కి లైనెక్కడుందమ్మా కట్టవడానికి?