బొమ్మ ఇంజన్ కూడా పట్టాల మీద కూర్చోవాలి

సభకు నమస్కారం. ప్రధానోపాధ్యాయులకు, ఎండలో హనుమకొండ దాకా పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు వందనాలు. నమూనా రైళ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగూ ఎత్తు గురించే చెబుతాను.

కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేరిన మొదటి వారం. మా మేస్త్రి నన్ను పట్టాల పక్కన బోర్లా పడుకోబెట్టి డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజన్‌ను చూపించారు. "ఇంజన్ ఎలా కూర్చుందో చూడు" అన్నారు. నూట పన్నెండు టన్నులకు పైగా బరువు స్ప్రింగుల మీద దిగి ఉంది. బోగీకీ, అంటే ఇంజన్ కింద చక్రాలు బిగించిన బండికీ, పైనున్న ఫ్రేముకూ నడుమ వెలుతురు సన్నటి గీత. ఆ గీత ఇప్పటికీ నా కళ్లలో ఉంది. కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు. అరిగి, లేత్ మీద కోతపడి 1016కు వచ్చేసరికి ఇంజన్ 38 మిల్లీమీటర్లు దిగిపోతుంది. ప్యాకింగ్ వేసి మళ్లీ లేపేవాళ్లం. ఇంజన్ చివర తాకిడిని ఆపే బఫర్ ఎత్తు 1105 మిల్లీమీటర్లు దాటకూడదు, 1030కి తగ్గకూడదు. కొలబద్ద పట్టుకొని ఎన్ని వేలసార్లు వంగానో!

మా అల్లుడు అమెరికా నుంచి 1:87 కొలతలో, అంటే అసలుదానిలో 87వ వంతు, ఒక ఆల్కో డీజిల్ ఇంజన్ బొమ్మ తెచ్చాడు. మన డబ్ల్యూడీఎం-2కు పుట్టిల్లు ఆ ఆల్కో అనే అమెరికా కంపెనీయే. మొదటివి 1962లో అక్కడి నుంచే వచ్చాయి. రంగు చూస్తే ముచ్చటేసింది. పట్టాల మీద పెట్టగానే ప్రాణం ఉసూరుమంది. మునివేళ్ల మీద నిలబడింది! రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. రెండేగా అంటారా? 87తో గుణించండి: 174. దాదాపు ఏడు అంగుళాలు! అలాంటి ఇంజన్‌ను షెడ్డు గేటు దాటనిచ్చేవాళ్లమా?

తయారుచేసేవాళ్లకూ కారణం ఉంది. బల్లమీద సరిపోయే 18 అంగుళాల వ్యాసార్ధపు వంపు అసలు కొలతలో 40 మీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌లో 175 మీటర్ల కంటే బిగువైన వంపు వేయరు. అంత బిగువులో బోగీ తిరగాలంటే చక్రాలకు చోటు కావాలి, అందుకే లేపుతారు. విశాలమైన వంపు వేసుకున్నవారికి ఆ ఎత్తుతో పనేమిటి?

నేను తొందరపడ్డాను. బోగీ ఆనే చోట రెండు మిల్లీమీటర్లూ ఒకేసారి ఆకురాయితో అరగదీసేశాను. ఫ్రేముతో పాటు, పెట్టెలను కలిపే కొక్కెం, కప్లర్ దిగింది, వెనక పెట్టె తగులుకోలేదు. వంపులో చక్రం లోహపు ఫ్రేముకు రాసుకొని షార్టయింది, కాలిన వాసన వచ్చింది. పిల్లలూ, మీరలా చేయకండి. ముందు పైతొడుగు ఊడదీసి, అది ఫ్రేము మీద ఆనే మెట్లను అరగదీయండి, కప్లర్ కదలదు. అర మిల్లీమీటరు అరగదీయాలి, బిగించాలి, వంపులో చేత్తో తోయాలి, చక్రం తగిలిన గుర్తు వెతకాలి. ఇంకా దించాల్సివస్తేనే బోగీ జోలికి వెళ్లండి. అప్పుడు కప్లర్ బిగించిన డబ్బాను అంతే పైకి జరపండి, చక్రం తగిలేచోట ఫ్రేమును గుల్ల చేసి విద్యుత్తు పారని పలుచటి ప్లాస్టిక్ రేకు అంటించండి.

పోటీల్లో రంగుకు మార్కులిస్తారు, ఎత్తు ఎవరూ కొలవరు. న్యాయనిర్ణేతలుగా వచ్చిన పెద్దలారా, ఒక్కసారి స్కేలు పెట్టి చూడండి!

వెనక వరుసలోని అబ్బాయీ, ఇలా రా. మోకాళ్ల మీద కూర్చో. కన్ను పట్టాల ఎత్తుకు దించు. ఎడమవైపుది ఇంకా అరగదీయనిది, కుడివైపుది అరగదీసింది. ఆ వెలుతురు గీత కనిపిస్తోందా?