5 హెచ్‌పీ డీజిల్ ఇంజన్‌కి ఎల్-110 కప్లింగ్: రివ్యూ, ఫిట్టింగ్, అలైన్‌మెంట్

నమస్కారమండి. ఈ బల్ల మీద ఉన్నది జా కప్లింగ్, ఇంజన్ షాఫ్టునీ పంపు షాఫ్టునీ కలిపే భాగం. షాపులో లవ్‌జాయ్ కప్లింగ్ అంటే ఇదే ఇస్తారు. రెండు పోత ఇనుప హబ్బులు, మధ్యలో నల్ల రబ్బరు స్టార్, అంతే. దీన్ని 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్‌కీ, సెంట్రిఫ్యూగల్ పంపుకీ మధ్య బిగిస్తున్నాం.

ముందు సైజు. చాలామంది షాఫ్ట్ ఎంత లావుందో చూసి హబ్బు కొనేస్తారు. అది చాలదండీ. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు, 1500 ఆర్‌పీఎమ్ దగ్గర టార్క్ దాదాపు 24 న్యూటన్ మీటర్లు. ఎల్-100 అనే చిన్న సైజులో మామూలు నైట్రైల్ రబ్బరు దాదాపు 47 మోస్తుంది, సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ ఈ ఇంజన్ రెండు చుట్లకోసారి మాత్రమే ఫైర్ అవుతుంది, ఆ కుదుపంతా రబ్బరు మీదే పడుతుంది. కనీసం రెండింతలు లెక్కేసుకోవాలి. అప్పుడు ఎల్-100కి మిగులేమీ ఉండదు. అందుకే దాదాపు 89 మోసే ఎల్-110 తీసుకున్నాం. డబ్బు కాస్త ఎక్కువైనా నా ఓటు దీనికే.

హబ్బుకి బోరు (షాఫ్ట్ దూరే రంధ్రం), కీవే (కీ కూర్చునే గాడి) లేత్ మీద చేయించాం. షాఫ్ట్‌కి ఎక్కించేటప్పుడు దయచేసి సుత్తితో కొట్టకండి, ఆ దెబ్బ నేరుగా పంపు బేరింగ్‌కి తగులుతుంది. బిగుతుగా ఉంటే హబ్బుని వేడి నూనెలో ఉంచి తొడగండి. రెండు హబ్బుల మధ్య స్టార్ నొక్కుకుపోకుండా కొంచెం సందు ఉండాలి.

ఇక అసలు పని, అలైన్‌మెంట్, అంటే రెండు షాఫ్టులనూ ఒకే గీతలోకి తేవడం. పైపులు ఇంకా కలపలేదు, గమనించండి. ముందు పంపు కాళ్ల బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకులు) పెట్టి చూడండి. ఏ కాలైనా లేస్తుంటే ముందు దాన్ని సరిచేయాలి. డబ్బా రేకు ముక్కలు, అట్టముక్కలు వద్దు, అవి నలిగిపోతాయి. కాళ్ల కింద ఎత్తు సరిచేయడానికి స్టీలు షిమ్ములే (పల్చని రేకులు) వాడండి.

ఇక్కడ దగ్గరగా చూడండి. డయల్ గేజ్ స్టాండు ఇంజన్ హబ్బు మీద, దాని మొన పంపు హబ్బు అంచు మీద. పైన సున్నా పెట్టాను. ఇంజన్ చేత్తో సులువుగా తిరిగేలా డీకంప్రెషన్ లీవర్ ఎత్తి రెండు షాఫ్టులూ కలిపి తిప్పుతున్నా. కిందికి వచ్చేసరికి ప్లస్ 0.60 మిల్లీమీటర్లు. అసలు తేడా అందులో సగం, అంటే పంపు 0.30 కిందికుంది. అయితే నాలుగు కాళ్ల కిందా 0.30 షిమ్ము వేస్తే సరా? కాదు. ఇంజన్‌లో పాదాల నుంచి షాఫ్ట్ 250 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది. ఇనుము 40 డిగ్రీలు వేడెక్కితే ఆ ఎత్తు మరో 0.1 పెరుగుతుంది. పంపులో చల్లని నీళ్లే కాబట్టి అది పెరగదు. అందుకే 0.40 వేశాను. పక్కలకు కూడా ఇలాగే డయల్ చూసి, హబ్బుల మధ్య సందు నాలుగు వైపులా ఫీలర్‌తో సమానం చేయండి.

కేటలాగులో షాఫ్టుల మధ్య తేడా 0.38 మిల్లీమీటర్ల వరకూ, ఒక డిగ్రీ వంకర వరకూ పర్వాలేదని ఉంటుంది. రబ్బరు తట్టుకుంటుంది గానీ, ఆ వంకర భారం మోసేది పంపు బేరింగూ సీలూ. ఇంజన్ వేడెక్కాక 0.1 లోపు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు డయల్ తీయకుండానే పైపు ఫ్లాంజి బిగించండి. ముల్లు 0.05 దాటి కదిలిందంటే పైపు పంపుని లాగుతున్నట్టే. పైపుకి సపోర్టు మార్చాల్సిందే, బోల్టు బలంతో దాన్ని దారికి తేవద్దు.

ఈ కప్లింగ్‌లో నాకు నచ్చింది, రబ్బరు చిరిగినా ఇనుప పళ్లు పట్టుకుంటాయి, పంపు ఆగదు. టకటకమని చప్పుడొస్తే మాత్రం వెంటనే ఇంజన్ ఆపేయండి. నచ్చనిది, స్టార్ మార్చాలంటే పంపుని వెనక్కి జరపాలి, అలైన్‌మెంట్ మళ్లీ మొదటికి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో లాగా రాత్రీపగలూ ఆడించే ఇంజన్ అయితే టైర్ కప్లింగ్ తీసుకోండి, దాని టైరుని యంత్రం కదపకుండానే మార్చుకోవచ్చు. పూటకో రెండు గంటలు పొలానికి తోడుకునేవాళ్లకి ఇది చాలు. పైన గార్డు బిగించాకే ఇంజన్ స్టార్ట్ చేయండి, లుంగీ అంచు చుట్టుకోవడానికి క్షణం పట్టదు.