మొంబాసా వెళ్లే ముందు

అందరికీ నమస్కారం. జనవరిలో మన కాలనీ నుంచి ఏడు కుటుంబాలు కెన్యా తీరానికి, అంటే మొంబాసాకీ డయానీ బీచ్‌కీ బయల్దేరుతున్నాయి. టికెట్లు కొన్నారు, హోటల్ కుదిరింది. కానీ దోమల ద్వారా వచ్చే ఎల్లో ఫీవర్ జబ్బుకు టీకా ఇంకా ఒక్కరూ వేయించుకోలేదని నిన్ననే తెలిసింది. అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ఆ టీకా కార్డు మన దేశానికి తిరిగి వచ్చేటప్పుడు అడుగుతారు. చాలామందికి తెలియనిది ఇదే. కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి పంపకుండా ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా ఎక్కడ పడితే అక్కడ వేయరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసు అలాంటివే. వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది, మళ్లీ వేయించుకోనక్కర్లేదు. గర్భిణులు, పసిపిల్లల తల్లులు, గుడ్డు పడనివాళ్లు, 60 దాటిన పెద్దలు ముందుగా డాక్టరుతో మాట్లాడండి.

ఇక మలేరియా. నాలుగేళ్ల క్రితం ఆఫ్రికా వెళ్లొచ్చినప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఇంటికొచ్చేశాం కదా అని మూడో రోజుకే మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఆపేశాను. రెండో వారంలో చలిజ్వరం పట్టుకుంది. వైరల్ అనుకుని రెండు రోజులు పారాసిటమాల్‌తో నెట్టుకొచ్చాను. రక్తపరీక్షలో ఫాల్సిపారం అని తేలింది. మలేరియాలో ప్రాణం తీసే రకం అది. మీరు ఆ పొరపాటు చేయకండి. ఆ మాత్రల్లో అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. పొద్దుగూకాక పొడుగు చేతుల బట్టలు, దోమల మందు, రాత్రి దోమతెర. వచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఆఫ్రికా వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

ఈటీఏ అనే ప్రయాణ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. వారం ముందే అప్లై చేస్తే టెన్షన్ ఉండదు. అక్కడి ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, మన ఛార్జర్లు పట్టవు, అడాప్టర్ కొనండి.

ఆవకాయ, పొడులు సర్దేవాళ్లు ఒక మాట వినండి. 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. గుడ్డ సంచులు, మూత గట్టిగా బిగిసే డబ్బాలు వాడండి.

డయానీ సముద్రం మన బీచ్‌ల లాంటిది కాదు. ఒడ్డుకు దూరంగా పగడపు దిబ్బ ఉంటుంది. ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కిపోతాయి, జనం దిబ్బ దాకా నడిచి వెళ్తారు. పోటు తిరిగి వచ్చే వేళ హోటల్లో అడిగి తెలుసుకోకుండా పిల్లల్ని పంపకండి. సీ అర్చిన్లు అనే నల్లని ముళ్ల బంతుల్లాంటి జీవులుంటాయి, అందుకని రబ్బరు చెప్పులు తప్పనిసరి. పగడం ముక్క ఒక్కటి కూడా తీసుకురావద్దు.

ఇంకో విషయం. అక్కడి భాష స్వాహిలీలో టైము సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. 'సా మ్బిలి' అంటే మాటకు రెండు గంటలు, కానీ మన గడియారంలో ఉదయం ఎనిమిది. బోటు మాట్లాడుకునేటప్పుడు ఏ లెక్కన చెబుతున్నారో ఒకటికి రెండుసార్లు అడగండి. భాష కొత్తగా ఉంటుందని భయపడకండి. అంగడిని 'దుకా' అంటారు, మన దుకాణమే. రేవుని 'బందారి' అంటారు, మన బందరుకి ఆ పేరు వచ్చిన మాటే. నాకు ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఇంటి దగ్గరున్నట్టే అనిపించింది.

టీకా కార్డు మీద పాస్‌పోర్టు నంబరు రాస్తారు కాబట్టి పాస్‌పోర్టు వెంట ఉండాలి. వెళ్లేవాళ్ల పేర్లు, వయసులు ఈ నోట్‌బుక్‌లో రాయండి. టీకా ఏ రోజు వేస్తారో రేపు ఉదయం నేనే వెళ్లి కనుక్కుంటాను.